ఖాలూ తిప్పిన సీసా

సముద్రపు నాచు మీద పరిశోధన చేస్తున్నానంటే మా గల్లీలో నవ్వనివాళ్ళు లేరు. "పాచేగద! వానలు పడితె మా గోడలకు మస్తు పడ్తది, వచ్చి గీక్కపో" అనేవాళ్ళు. కంటికి ఆనని ఆ నాచును సముద్రంలో తేలే సంచుల్లో పెంచి నూనె తీయొచ్చని ఎంత మొత్తుకున్నా ఎవరి చెవికెక్కింది? ఒళ్ళు మండేది నాకు.

మొన్న మే నెలలో ల్యాబులో ఏసీ పాడైంది. ఆ వేడికి విత్తన నాచు చచ్చిపోతే నా ఏళ్ళ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. సీసాలన్నీ ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాను. మా ఇంట్లో కూలర్ లేదు. పక్కింటి ఖాలా వాళ్ళకుంది, అదీ మంచాన పడ్డ ఆమె భర్త కోసం. ఆమెను పిన్నిలా ఖాలా అని, ఆయన్ని బాబాయిలా ఖాలూ అని పిలిచేదాన్ని. లక్క గాజులు చేసిన మనిషి. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక మాటలు కూడా మానేశారు.

"గాలంత ఆయనొక్కనికే కావాల్నా? తే బేటా" అంది ఖాలా. సీసాలు కిటికీ పక్కన, వెలుగు పడేచోట పెట్టాం. నాచు అడుక్కి దిగితే బతకదు, అప్పుడప్పుడూ సీసా తిప్పుతుండాలని నేను ఖాలాకు చెబుతుంటే, ఖాలూ ఎడమచెయ్యి చాచారు.

"ఇటియ్యి."

ఆ రోజునుంచి ఆ పని ఆయనదే. ఖాలా ముట్టుకుంటే లొల్లి. "గంత జోరుగ తిప్పకు, గదేమన్న చాయా!" ఆయన తిడుతుంటే ఖాలా నవ్వుతూనే దుపట్టాతో కళ్ళు ఒత్తుకునేది. ఆ ఇంట్లో ఆయన గొంతు విని ఎన్నాళ్ళయిందో పాపం. ల్యాబులో ఏసీ బాగయ్యాక కూడా సీసాలు అక్కడినుంచి తీయబుద్ధి కాలేదు నాకు.

వానాకాలం ముగిశాక, సముద్రంలో సంచులు సిద్ధమని కబురొచ్చింది. సీసాలు సర్దుతుంటే ఖాలూ అడిగారు.

"ఆడ ఎవరు తిప్పుతరు?"

"అలలే తిప్పుతయి ఖాలూ. గందుకే గద సముద్రంల పెంచేది."

"అచ్ఛా. మంచిదే" అని గోడవైపు మొహం తిప్పుకున్నారు. నా మనసు చివుక్కుమంది. ఉన్నమాటే చెప్పాను, ఏం చేయను? విత్తనానికి ఒకటి ఇంట్లో ఉండాలని ఆయన మంచం దగ్గర ఒక సీసా వదిలాను. జాలిపడి ఇచ్చాననుకున్నారేమో, దానివైపు చూడనైనా లేదు.

సముద్రంలో సంచులు పట్టుమని వారం కూడా ఆగలేదు. గాలివానకు చిరిగి, నాచంతా నీళ్ళపాలైంది. ఒడ్డున కూలబడి ఏడ్చాను. తర్వాత ఖాలాకు ఫోన్ చేసి, భయంభయంగా ఆ సీసా సంగతి అడిగాను.

ఫోను ఖాలూ లాక్కున్నట్టున్నారు.

"పచ్చగుంది. ఏడ్వకు, వచ్చి తీస్కపో. నీ సముద్రానికి తిప్పుడు రాదు బేటా."