మొదట డాబా ఎక్కాను

మేముండే దుర్గాపూర్ బొగ్గుగని క్వార్టర్లలో మే నెలంటే పిల్లలకు జైలే. పొద్దున పది దాటితే తలుపులు మూసేస్తాం, కిటికీలకు తడి గోనెపట్టాలు కడతాం, పిల్లల్ని కూలర్ ముందు కూర్చోబెడతాం. ఆ ఏడు ఎండ మరీ దారుణంగా ఉంది. మైదానంలో జారుడుబల్ల రేకు పట్టుకుని మా బిడ్డ అరచేయి బొబ్బలెక్కింది. ఆ తర్వాత సాయంత్రం ఆరు దాటేదాకా నేను గడప దాటనివ్వలేదు.

పగలంతా మా ఇంట్లో ఇద్దరు పిల్లలుండేవాళ్లు. ఒకతి తొమ్మిదేళ్ల మా బిడ్డ. రెండోది ఎదురు క్వార్టర్ పిల్ల, అదే ఈడు, అదే తరగతి. చుట్టూ మరాఠీవాళ్లే అయినా, వాళ్లూ మాలాగే తెలుగువాళ్లు. మేం రాజురా దగ్గరి పల్లె నుంచి వచ్చినవాళ్లం, వాళ్లు తాతల నాడే గనిపనికి వచ్చి ఇక్కడ స్థిరపడిన క్రైస్తవులు. ఆ పిల్ల తండ్రికి గనిలో షిఫ్టులు. తల్లి ఒక ఆసుపత్రిలో ఆయా. డ్యూటీకి పోతూ పిల్లను మా గుమ్మంలో దింపి, "అక్కా, నీ దగ్గరుంటే నాకు బుగులుండది" అనేది.

ఆ పిల్లకు ఒంటికాలి మీద గెంతే లంగ్డీ ఆటంటే ప్రాణం. రెండో కాలు దించకుండా మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు పోగలదు. ఇంట్లో ఆడుకోమంటే మూతి ముడిచేది.

"మూడు దుంకులకే గోడ వస్తుంది పెద్దమ్మా. గిట్లెట్ల ఆడాలె?"

ఆ రోజు నాలుగింటికి ఉన్నట్టుండి గదిలో వెలుతురు తగ్గింది. ఇద్దరూ కిటికీ దగ్గరకు ఉరికి గోనెపట్టా పక్కకు లాగారు. "ఆభాళ్ ఆలం! ఆభాళ్ ఆలం!" మబ్బు పట్టిందని మరాఠీలో ఒకటే అరుపులు.

"పెద్దమ్మా, జరసేపు ఆడుకొని వస్తం."

"ఇంకా నాలుగే అయింది."

"ఎండనే లేకపాయె. నాలుగైతే ఏంది?"

నాకు నవ్వొచ్చింది. "పోండ్రి. మైదానం దాటి పోవద్దు" అని నేనే గడియ తీశాను.

అన్ని తలుపులూ ఒకేసారి తెరుచుకున్నట్టున్నాయి, కాలనీ పిల్లలంతా బయట పడ్డారు. నెలరోజులు ముడుచుకుని కూర్చున్న కాళ్లు. చెమట పట్టిన మెడకు చల్లగాలి తగులుతుంటే నాకూ హాయిగానే ఉంది. గుమ్మంలో నిలబడి ఆ పిల్ల గెంతడం చూశాను. అలుపు లేకుండా రెండుసార్లు పోయి వచ్చింది.

అంతలో గాలి తిరిగింది. బొగ్గు దుమ్ము లేచి మైదానం నల్లగా అయింది. చినుకులు మొదలయ్యాయి. నాకు డాబా మీది కుర్డాయి వడియాలు గుర్తుకొచ్చాయి. గోధుమలు మూడు రోజులు నానబెట్టి, పాలు తీసి, ఉడికించి, పొద్దున్నే పాత చీర మీద ఒత్తి ఆరబెట్టినవి. మెట్లెక్కి ఉరికాను.

డాబా మీద నుంచి మైదానం అంతా కనిపిస్తుంది. కొందరు పిల్లలు ఇళ్లకు ఉరుకుతున్నారు. కొందరు మాత్రం చివరనున్న మామిడిచెట్టు కింద చేరారు. గాలికి కాయలు రాలుతున్నాయి. మా పిల్లలిద్దరూ అక్కడే, గౌన్లలో ఏరుకుంటున్నారు. చూశాను. మూట కట్టేసి పిలుద్దామనుకున్నాను. చీర నాలుగు కొసలూ దగ్గరికి తెచ్చి ముడివేసి, అప్పుడు పిట్టగోడ దగ్గరికి వెళ్లి గట్టిగా కేకేశాను. మా బిడ్డ తలెత్తి చూసి ఉరికొచ్చింది, మిగతా పిల్లలూ ఇళ్లకు ఉరికారు. ఆ పిల్ల ఒక వేలు చూపించింది, ఇంకొక్క కాయ అన్నట్టు.

పిడుగు పడ్డ చప్పుడు నాకు గుర్తులేదు. వెలుగే గుర్తుంది.

ఆ పిల్లను ఎవరిదో జీపులో తీసుకెళ్లారు. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదన్నారు. ఆ పిల్ల తల్లి ఆయా చీరతోనే ఉరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నువ్వు పిలువలేదా?"

"పిలిచిన చెల్లె. గాలి లేవంగనే పిలిచిన. నా బిడ్డ వచ్చింది, నీ బిడ్డ రాలేదు."

ఎందుకన్నానో తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. ఆ ఒక్క మాటతో తప్పంతా చచ్చిపోయిన పిల్ల మీద పెట్టాను.

మరునాడు మట్టి చేశారు. వారం తర్వాత ఆ తల్లి మళ్లీ మా ఇంటికి వచ్చి కూర్చోసాగింది. మా బిడ్డ తీరు మాత్రం మారింది. ఎండ ఎంతున్నా బయటకు పోయేది. ఏ చిన్న మబ్బు కమ్మినా ఇంట్లోకి వచ్చి గడియ పెట్టుకునేది. జూన్‌లో తొలివాన కురిసి పిల్లలంతా బురదలో గంతులేస్తుంటే, మంచం కింద దూరి చెవులు మూసుకుంది. ఏమైందని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఆగస్టులో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం నేనూ ఆ పిల్ల తల్లీ చాటలో బియ్యం ఏరుతున్నాం. ఇక మోయలేక చెప్పేశాను.

"చెల్లె, ఆ దినం నేను గాలి లేవంగనే పిలువలే. పిల్లలు చెట్టు కింద ఉన్నరని సూసిన. సూసి గూడ, మొదలు కుర్డాయిలు మూట గట్టిన. తర్వాతనే పిలిచిన."

ఆమె చేయి ఆగింది. తలెత్తలేదు.

"నాకు ఎరికే అక్కా. నీ బిడ్డ ఎప్పుడో చెప్పింది, నువ్వు మూట గట్టుడు చెట్టు కింద నుంచి సూసిందంట."

"మరి నన్నేమనలేదేంది?"

"ఏమనాలె? వాన పడుతుంటే ఎవరైనా డాబా ఎక్కుతరు. నేనైనా ఎక్కుదును." ఒక రాయి తీసి పక్కన పడేసింది. "గది కాదక్కా. నా బిడ్డ పిలిస్తే రాలేదన్నవు సూడు. మాట ఇనకనే పోయిందని దాని మీద కోపమొచ్చింది నాకు. మట్టి ఏసేటప్పుడు గూడ కోపంతోనే ఏసిన."

ఆమె మిగిలిన బియ్యం ఏరేసి, చాట నా ముందు పెట్టి, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వచ్చి మా బిడ్డకు జడ వేసింది. నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతుంది. నీళ్లు రాలేదని, కూరగాయలు పిరమయ్యాయని. ఆ పిల్ల పేరు మాత్రం నా ముందు ఎత్తదు. ఆ మాటలన్నీ మా బిడ్డతోనే. నేను వంటింట్లో ఉంటే ఇద్దరూ మెల్లగా చెప్పుకోవడం వినిపిస్తుంది, ఒక్కోసారి నవ్వుకోవడం కూడా. నేను చాయ్ పట్టుకుని గదిలోకి వెళ్తే ఆపేస్తారు.