టోపీ పిట్ట ఆగిపోయిన చోటు

మా అన్నయ్య తన కీబోర్డు పట్టుకెళ్లి చర్చిలో వాయించేవాడు. పోయినేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఫిజియోథెరపీ ఆవిడ పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని మంచం కిందికి దొర్లించేసేవాడు. విసుగెత్తి, అటక మీదున్న మా చిన్నప్పటి వీడియో గేమ్ దించి, పాత టీవీకి తగిలించి, రిమోటు తన చేతిలో పెట్టాను.

మాకున్నది ఒకటే క్యాసెట్. ఆట పేరేంటో ఇప్పటికీ తెలియదు, అట్ట మీద ఉన్నది మాకు రాని భాష. టోపీ పెట్టుకున్న పిట్ట ఒకటి, ఎగరడం చేతకాక, గెంతుకుంటూ పోతుంది. నరసాపురంలో ఇంకెవరింట్లోనూ ఆ ఆట చూడలేదు. ఆరో స్టేజీలో ఒక పెద్ద గొయ్యి ఉంది. వేసవి సెలవులన్నీ తగలేసినా దాన్ని దాటలేకపోయాం.

ఈసారి అన్నయ్య పంతం పట్టాడు. "ఇది దాటిన ఆదివారమే వెళ్లి కీబోర్డు ముందు కూర్చుంటానే," అన్నాడు. నవ్వేశాను గానీ, కొన్నాళ్లకు బొటనవేలు నిజంగానే కదిలింది. వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఎలాగైనా దాటించాలని, క్యాసెట్ ఫోటో తీసి పాత ఆటలు సేకరించేవాళ్ల గ్రూపులో పెట్టి, కిటుకేమైనా ఉంటే చెప్పమని అడిగాను. కిటుకు చెప్పలేదు సరికదా, రాజమండ్రి నుంచి ఒకాయన ఏకంగా ఇంటికే దిగాడు. క్యాసెట్‌ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"వచ్చిన కొత్తలో దీన్నెవరూ పట్టించుకోలేదండి. అందుకే ఇప్పుడు దొరకట్లేదు. అందులోనూ మీది తప్పు పడ్డ కాపీ. ఆరో స్టేజీలో గొయ్యికి అవతల గట్టు పెట్టడం మర్చిపోయారు. ఎంత ఆడినా దాటదు. దీనికోసమే మేమంతా వెతుక్కుంటున్నామండి!"

కాఫీ తెస్తున్నదాన్ని గుమ్మంలోనే ఆగిపోయాను.

"అవతల నిలబడ్డానికి చోటే లేదాండి?" అని అడిగాడు అన్నయ్య.

"లేనే లేదండి," అన్నాడాయన సంబరంగా.

ఆయన తప్పేమీ లేదు. కాఫీ బాగుందని కూడా అన్నాడు. అయినా ఆయన మీద నా కోపం ఈ జన్మకి పోదు.

అన్నయ్య క్యాసెట్ ఆయన్నే ఉంచుకోమన్నాడు. ఏమివ్వమంటారని అడిగితే ఏమీ వద్దన్నాడు. ఆయన అటు వెళ్లగానే నేను అరిచాను. "గట్టు లేకపోతే ఏంటి? నీ వేలు కదిలిందా లేదా?"

"కదిలింది. దాటదని తెలిశాక ఇంకా దేనికి కదపమంటావే?"

 

తర్వాత ఆ పెద్దమనిషి ఫోటో పంపాడు. అద్దాల బీరువాలో, లైటు కింద మా క్యాసెట్. పాడవుతుందని దాన్నిక ఎవరూ ఆడరట. ఆ ఫోటో అన్నయ్యకు చూపించలేదు.

వేలు మళ్లీ బిగుసుకుపోయింది. మొన్న ఆదివారం నేను చర్చికి బయల్దేరుతుంటే, గోడవైపు తిరిగి పడుకునే పిలిచాడు.

"ఆ కీబోర్డు కూడా పట్టుకెళ్లి అక్కడ ఇచ్చెయ్యవే. ఊరికే దుమ్ము పడుతోంది."

దాని మీద దుమ్ము లేదు. రోజూ పొద్దున్నే నేనే తుడుస్తున్నాను.