సుధాకర్ అడిగిన డార్క్ ఫ్రేములు

నిన్న పొద్దున నంద్యాల బస్టాండ్‌లో ఆళ్లగడ్డ బస్సెక్కి కూర్చున్నాను. ఫోన్. సుధాకర్ వాళ్ల చెల్లెలు.

"మా అన్న పోయినాడన్నా."

హార్ట్ ఎటాక్. నలభై ఒక్కేళ్లకే. నేను బయల్దేరిందే వాడి దగ్గరికి.

అప్పట్లో కొండ మీద అబ్జర్వేటరీలో ఇద్దరం ఇంజనీర్లం. నక్షత్రం వెలుగును రంగులుగా విడగొట్టే స్పెక్ట్రోగ్రాఫ్ మా పని. ఆ వెలుగును పట్టుకునే డిటెక్టర్ వాడిది. జ్వరమొచ్చిన బిడ్డను చూసినట్టు గంటకోసారి దాని టెంపరేచర్ చూసేవాడు.

రోజూ మధ్యాహ్నం షట్టర్ మూసి పది డార్క్ ఫ్రేములు తీయాలి. వెలుగే లేనప్పుడు డిటెక్టర్‌లో ఎంత నాయిస్, అంటే దానంతటదే పుట్టే ఉత్తుత్తి సిగ్నల్, ఉందో తెలుస్తుంది. తొమ్మిది తీస్తే ఒప్పుకోడు.

"పదో దాంట్లోనే ఉంటాదప్పా దయ్యం" అనేవాడు.

సైంటిస్టులకే ఇచ్చే టెలిస్కోప్ టైమ్, ఒక్కసారి వాడి పేరు మీద ఇచ్చారు. ఆరిపోతున్న ఓ మసక నక్షత్రం కోసం. మళ్లీ దొరకదు.

ఆ మధ్యాహ్నం వాడు కూలింగ్‌కు నైట్రోజన్ నింపడానికి వెళ్తూ డార్కులు నన్ను తీయమన్నాడు.

నేను తీయలేదు. బద్ధకం, ఇంకేం లేదు. ముందురోజు నంబర్లే లాగ్‌బుక్‌లో రాసేశాను.

అంతకుముందే కరెంటు పోయి వచ్చింది. వాడు పెట్టిన, నాయిస్ తక్కువుండే స్లో రీడౌట్ పోయి, డిటెక్టర్ నాయిస్ ఎక్కువుండే ఫాస్ట్ మోడ్‌లో పడింది. స్క్రీన్ మీద మాత్రం పాత సెట్టింగే ఉంది. ఒక్క డార్క్ తీసినా దొరికిపోయేది.

నక్షత్రం మొత్తం నాయిస్‌లో కలిసిపోయింది.

మీటింగ్‌లో లాగ్‌బుక్ తెరిచారు. అంతా కరెక్ట్.

"చెక్ చేసినాక నేనే ఏందో కెలికింటా సార్" అన్నాడు వాడు.

నేను పక్కనే ఉన్నాను. నోరు మెదపలేదు. థూ!

వాడి కాంట్రాక్టు పొడిగించలేదు. ఆళ్లగడ్డలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్లు చెప్పుకుంటూ ఆరేళ్లు గడిపాడు.

పోయిన వారం ఫోన్ చేశాడు.

"ఏమప్పా, ఆ పొద్దు డార్కులు నీ దగ్గర ఉండాయా? పంపియ్యి. నేను యాడ తప్పు చేసినానో చూసుకుంటా. ఇన్నేండ్లయినా తెలుస్తాలేదు."

"వెతుకుతా" అన్నాను.

లేనివి ఏం వెతకను? నిన్న ఎదురుగా కూర్చుని చెప్పేద్దామనే బస్సెక్కాను.

సాయంత్రం అంత్యక్రియల ప్రార్థన అయ్యాక చర్చి బయట వాళ్ల నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ కొండ మీద్నుంచి నువ్వొక్కనివే వచ్చినావు నాయనా" అన్నాడు.

ఆయనకూ చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అందరూ చదవండి.

సుధాకరా, నువ్వేం కెలకలేదురా. డార్కులు నేను తీయలేదు.

ఇది నువ్వు తప్ప అందరూ చదువుతారు.

పోయిరా అప్పా. నీ మనసు అక్కడైనా నెమ్మదించాలి. నాది వద్దు.