ఎడమ కనుబొమ్మ మీది గుంట

నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకనే. రాసిపెట్టుకునే అలవాటు లేదు గనుక ఏది విన్నా తలల పెట్టుకుంట. పెట్టుకున్నది పోదు.

గల్ఫుల, అల్ అజీజియాల మా మేడం ఇంట్ల వంట నాదే. మేడం వాళ్లు చైనా వాళ్లు, కానీ ఆమె పుట్టింది కెనడాల. ఇక్కడ కాలేజీల పాఠాలు చెప్తది. పోయిన చలికాలం వాళ్ల నాయిన వచ్చి మూడు నెలలు ఉన్నడు. తాతా అంటే పలికేటోడు. ఎనభై దాటినయి, కండ్లల్ల పొరలు, నోరు మాత్రం పదును.

"నీ పప్పుల ఇంకొక్క మిరపకాయ పడితే నన్ను విమానంల సీట్ల కాదు, పెట్టెల పంపుతరు."

"ముందు గిన్నె ఖాళీ చెయ్యి తాతా, తర్వాత తిట్టు."

ఆయనకు ఒక్కటే రంది. వాళ్ల నాయిన పడుచుతనంల చైనా నుంచి ఓడెక్కి కెనడాల దిగిండు. తాతకు ఆరేండ్లున్నప్పుడే చనిపోయిండు. సొంతూరు ఏదో ఇంట్ల ఎవరికీ తెల్వదు. ఆయనను బొందపెట్టిన శ్మశానంల చైనా వాళ్లందరి సమాధి రాళ్ల మీద సొంతూరి పేరు ఉంటదట, ఆయన రాయి మీదనే లేదు. "అది రాయించకుండ నేను పోను" అనేటోడు.

మేడం కాలేజీ నుంచి రాంగనే వంటింటి బల్ల మీద కంప్యూటర్ పెట్టేది. ఓడ దిగిన చైనావాళ్లను అప్పటి సర్కారు రాసుకున్న రిజిస్టర్ల ఫొటోలు అందుల ఉంటయి. ఒక్కో వరుసల పేరు, ఊరు, వయసు, ఒంటి మీది గుర్తులు. మన బడి సర్టిఫికెట్ల పుట్టుమచ్చలు రాసినట్టే. నాకు ఆ గుర్తులంటే ఇష్టం. "పైకి చదువు మేడం" అంటే చదివేది. చెవి తెగినోడు, గదుమ మీద మచ్చ ఉన్నోడు, వేలు లేనోడు. నేను రొట్టెలు చేసుకుంట వినేదాన్ని. గుర్తులు చదివి, వాళ్ల ఇంటిపేరు లేని వరుసైతే ఊరు చూడకుండనే మేడం దాటిపోయేది.

తాత తిరిగి కెనడాకు పోవుడు ఇంక పది దినాలే ఉన్నదనంగ, ఒక శుక్రవారం అల్మారా తలుపు తగిలి ఆయన ఎడమ కనుబొమ్మ మీద గీరుకపోయింది. పసుపు అద్దుతుంటే అన్నడు, "సరిగ్గ ఇక్కడనే మా నాయినకు గుంట ఉండె. నా వేలు దిగేది. బర్రె కొమ్ము పొడిచిందట."

నా చెయ్యి ఆగింది. "మేడం, ఈ గుంట ఉన్న మనిషిని నువ్వు చదివినవు. పందొమ్మిదేండ్లోడు. పై వరుసల వేలు లేనోడు, కింద చెవి తెగినోడు."

"ఎప్పుడు చదివిన?"

"నేను బీరకాయ పచ్చడి నూరిన నాడు. గ్యాసు బండ మార్చిన తెల్లారి."

మేడం నోటుబుక్కు తీసింది. ఏ దినం ఏ పేజీలు చూసిందో రాసుకుంటది. "ఉన్నా, అది మా ఇంటిపేరు అయ్యుండదు. అందుకే దాటేసిన."

"మాకు ఇంటిపేరు ముందు, పేరు వెనుక. ఇక్కడి దవాఖానల నర్సు నన్ను మా ఇంటిపేరు పెట్టే పిలుస్తది, అదే నా పేరనుకోని. ఇక్కడనే లుసైల్ల పనిచేసే మా తమ్ముని కార్డు మీద అంతా ఉల్టా. మీ నాయిన వాళ్ల నాయినకు అట్ల కాలేదని ఎట్ల చెప్తవు?"

"మా వాళ్లకు కూడా ఇంటిపేరు ముందే" అని మేడం మెల్లగ అని, పేజీ తెరిచింది.

దొరికింది. పై వరుసల వేలు లేనోడు, కింద చెవి తెగినోడు, నడుమ ఆయన. వెనుక రాసిన ఆయన పేరునే కెనడా వాళ్లు ఇంటిపేరు చేసిన్రు. ఇన్నేండ్లు ఈ ఇల్లంతా మోసింది దాన్నే. తాత చెప్పే వయసు, ఓడ దిగిన ఏడు, రెండూ కలిసినయి. పక్కన ఊరు.

మేడం ఊరి పేరు చదివింది. తాత మళ్ల చదువుమన్నడు. మళ్ల చదివింది. కాయితం మీద రాసిస్తనంటే వద్దన్నడు. "కాయితం నాకు కనబడదు. ఈమె లెక్క తలల పెట్టుకుంట." నా దిక్కు తిరిగిండు. "ఎట్ల పెట్టుకుంటవు?"

"ఆ పూట ఏం వండిన్నో దానితో కలిపి పెట్టుకుంట తాతా."

"ఇయ్యాల ఏం వండినవు?"

"పప్పు."

తాత కెనడాకు పోయినంక రెండు నెలలకు మేడం ఫోన్ల రాయి ఫొటో వచ్చింది, కొత్తగ చెక్కిన వరుసతోటి. వెనుకనే ఆయన ఫోను. నన్ను పిలువుమన్నడట. ఊరి పేరు తప్పు లేకుండ చెప్పిండు, ఆగి, "పప్పు" అన్నడు. "మిరపకాయలు ఎక్కువ."