మూడిళ్ల ఎరుపు

నేతగాళ్ల కొత్తవాడలో పుట్టి, గంటసేపు మగ్గం ముందు కుదురుగా కూర్చోలేని మనిషి ఎవరైనా ఉన్నాడంటే అది వెంకట్రాజమే. నాలుగు వరసలు నేశాడో లేదో, లేచి పక్కింటివాళ్లు ఎంతవరకు నేశారో చూసి వచ్చేవాడు. చివరికి చేనేత సంఘం పెద్దలు "వీనికి తిరుగుడే పని జేద్దాం" అని నవ్వుకుని సూపర్‌వైజరును చేశారు. డెబ్బై ఆరులో హైదరాబాద్ పంపి, పనులు ఎలా నడిపించాలో నాలుగు రోజుల శిక్షణ కూడా ఇప్పించారు. అక్కడినుంచి అతను గళ్లగళ్ల పెద్ద కాగితం ఒకటి పట్టుకొచ్చి సంఘం గోడకు అంటించాడు. ఏ ఇంట్లో ఏ రోజు ఎన్ని మూరలు నేయాలో ఆ గళ్లలో రాసి పెడితే పని దానంతటదే నడుస్తుందని అతని నమ్మకం. అంత నమ్మకం ఉన్నవాడు మళ్లీ అంతగా తిరగడమెందుకో!

మరుసటి ఏడు హన్మకొండలో కొత్తగా పెట్టిన ఒక కాలేజీ నుంచి ఆర్డరు వచ్చింది. ముప్పై రోజుల్లో ఇరవై నాలుగు ఎర్ర జంపఖానాలు. పక్కపక్కన పరిస్తే హాలంతా ఒక్కటే పరిచినట్టుండాలి. నచ్చితే హాస్టళ్లకూ ఇక్కడే నేయిస్తామన్నారు. అంటే సంఘంలో జంపఖానాలు నేసే ఆరిళ్లకూ ఏడాది పని.

ఆ ఆరిళ్లలో నర్సింగానిదొకటి. చిన్నప్పుడు వెంకట్రాజానికి నేత నేర్పింది ఆయనే. ఆయన బావమరిది భీవండి నుంచి ఉత్తరం మీద ఉత్తరం రాస్తున్నాడు, పవర్‌లూముల్లో పనుంది రమ్మని.

"ఈ పని నిలవడితె నేనేడికి పోను తమ్మీ," అన్నాడు నర్సింగం. "లేకుంటె పిల్లలను తీస్కొని పోవుడే."

ఆ రోజునుంచి వెంకట్రాజానికి తిన్నది ఒంటబట్టలేదు. నర్సింగం లేని వాడను అతను ఊహించుకోలేకపోయాడు.

వాడలో నూలుకు రంగు వేసేది పోశవ్వ. అంత నూలుకు తొమ్మిది రోజులు పడుతుందని చెప్పింది. తొమ్మిది రోజులు మగ్గాలు ఖాళీగానా! గోడమీది తెల్లగళ్లు చూసేసరికి వెంకట్రాజం కాలుగాలిన పిల్లిలా అయిపోయాడు. నూలును మూడు వాటాలు చేసి, పోశవ్వకు ఒకటిచ్చి, తక్కిన రెండూ రంగు వేయడం వచ్చిన వేరే రెండిళ్లకు పంపాడు. రంగు పొడి అదే, కొలతా అదే, ఇంకేం కావాలన్నాడు.

"నీళ్లు మారితె రంగు మారుతది కొడుకా. చెయ్యి మారినా మారుతది. జర ఆగు," అంది పోశవ్వ.

"ఆగనీకి టైమెక్కడిది అవ్వా? నువ్వేం ఫికర్ జెయ్యకు," అన్నాడతను, అప్పటికే వాకిలి దాటుతూ.

నాలుగో రోజుకల్లా మగ్గాలు మొదలయ్యాయి. రోజుకు మూడుసార్లు సైకిల్ మీద ఆరిళ్లూ తిరిగేవాడు. గడప బయటినుంచే "ఎన్ని మూరలైనయ్?" అనడం, చెప్పింది గళ్లలో ఎక్కించడానికి పరుగెత్తడం. చాయ్ తాగి పొమ్మంటే వినేవాడు కాదు. "అన్నం తినేటప్పుడన్న కాళ్లు ఊపకు," అని భార్య ఇందిరమ్మ విసుక్కునేది. మగ్గం దిగిన జంపఖానాను దిగినట్టే చుట్టించి సంఘం గదిలో పెట్టించాడు. విప్పి చూసుకునే తీరికా లేదు, తలపూ లేదు.

రెండు రోజుల ముందే పని ముగిసింది. వెంకట్రాజం పొంగిపోయాడు. కాలేజీ మనిషి వచ్చాడు. ఇరవై నాలుగూ సంఘం ముందు పరిచారు.

మూడు ఎరుపులు. ఒకటి కుంకుమలా, ఒకటి ఇటుకలా, మరొకటి వెలిసిన గులాబీలా. కాలేజీ మనిషి చాలాసేపు చూశాడు. మళ్లీ నేయించడానికి వ్యవధి లేదన్నాడు. స్టేజీ మీదికని కుంకుమరంగువి ఎనిమిదే తీసుకుపోయాడు. హాస్టళ్ల మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ ఎండాకాలమే నర్సింగం పెట్టె సర్దాడు. సాగనంపడానికి వెంకట్రాజం కాజీపేట స్టేషన్‌కు వెళ్లాడు. పెళ్లాం పిల్లల్ని బండెక్కించి నర్సింగం కిటికీ పక్కన కూర్చున్నాడు. వెంకట్రాజం కమ్మీలు పట్టుకుని, "తప్పంత నాదే అన్నా," అన్నాడు.

"నాది గూడ ఉంది తమ్మీ. రెండో మూట నూలు ఇప్పంగనె ఎరుపు తేడా కండ్లవడ్డది. పదో దినం."

వెంకట్రాజం ఉలిక్కిపడ్డాడు. "మరి జెప్పకపోతివి?"

"చెప్పబోయిన. నువ్వు సైకిలెక్కినవ్. ఇగ నేను గూడ ఊకున్న." నర్సింగం మెల్లగా అన్నాడు. "రోజుకు మూడుమాట్ల వస్తివి. ఎన్ని మూరలైనయంటె చెప్తి. ఎట్లయితాంది అన్నా అని ఒక్కనాడన్న అడిగినవా?"

పదో దినం. అంటే అప్పటికింకా ఇరవై రోజులు చేతిలో ఉన్నాయి. వెంకట్రాజానికి ఆ లెక్క తెలిసేలోపే బండి కదిలింది. అన్నా అని పిలవబోయాడు. అప్పటికే కిటికీ దాటిపోయింది.