తినమన్న కూర

మా ఇంట్లో ఏ డబ్బాకీ మూత సరిగ్గా ఉండదని మావాళ్లు నన్ను విసుక్కుంటారు. ఎందుకో నేను చెప్పలేదు.

పత్తికి పచ్చపురుగు పట్టిన ఏడు, గుంటూరు నుంచి పర్చూరు వెళ్లే బస్సులో ఒక కూలి మనిషి నా పక్కన కూర్చుంది. డాక్టరుకు చూపించుకుని వస్తోందట. కాసేపటికి ఒళ్లోని స్టీలు డబ్బా నా చేతికిచ్చింది.

"కాస్త మూత తియ్యమ్మా. నా వేళ్లకి పట్టు దొరకట్లా."

ఆ వేళ్ల కణుపులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. మూత తీశాను. లోపల అన్నం, మధ్యలో పండుమిరపకాయ పచ్చడి. అంతే.

"డాక్టరు ఏమన్నాడు?"

"కీళ్లవాతమంట. లోపలి వాపు ఒక్క మందులతోనే పోదంట, తిండి మార్చాలంట. ఈ పచ్చడి మెతుకులు తగ్గించి ఆకుకూరలు తినమన్నాడు."

"తినొచ్చుగా! పల్లెల్లో ఆకుకూరలకేం కరువు?" అన్నాను, పెద్ద తెలిసినదానిలా.

ఆమె కిటికీలోంచి పత్తిచేను చూపించింది. సాళ్ల మధ్య కొయ్యతోటకూర ఏపుగా పెరిగి ఉంది.

"రోజంతా నేను పీకే కలుపు అదేనమ్మా. ఇదివరకు ఒడినిండా కోసుకుపోయేవాళ్లం. ఇప్పుడు మందు కొట్టని చేనేది? పీకి గట్టున పారేస్తన్నాం. గేదెలక్కూడా వెయ్యం."

ఆమె సగం తిని, మిగతాది రాత్రికని ఉంచింది. నేను మూత పెట్టి నొక్కబోతే చెయ్యి పట్టుకుంది.

"బిగించమాకమ్మా. ఇంటికాడ నేనొక్కదాన్నే తీసుకోవాలి."