బియ్యం డబ్బాలో చెవిమిషను

మా ఆవిడ చెవిమిషను ఆగిపోయింది మేమిద్దరం పోట్లాడుకుంటుండగా. పప్పులో ఉప్పు ఎక్కువైందని నేనన్నాను. నా నాలుకే చచ్చిపోయిందని ఆవిడ అంది. నేను ఊరుకుంటానా? పప్పు దగ్గర మొదలుపెట్టి పెళ్లినాటి పులిహోర దాకా వెళ్లాను. మధ్యలో ఆవిడ నా మొహంలోకి అదోలా చూసింది.

"ఊరికే నోరాడిస్తారేం? పైకి అనండి, నేనేం భయపడను."

"పైకే అంటున్నా కదే!"

"అనండీ అంటుంటే!"

అప్పుడు అర్థమైంది ఇద్దరికీ. ఆవిడ మిషను తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. మళ్లీ తీసింది. ఛార్జింగు పెట్టి చూశాం. వెలగాల్సిన పచ్చ దీపం వెలగలేదు.

ఆవిడకు ఎడమ చెవి ఏనాడో పోయింది. కుడిచెవికి ఆ చిక్కుడు గింజంత యంత్రమే దిక్కు. బజార్లో దొరికే చవకరకాలు పెట్టి చూశాం కానీ వాటిలో హోరు తప్ప మాట తెలియదు. చెవి పరీక్ష చేసి, ఆవిడకు తగ్గట్టు కంప్యూటర్లో సరిచేసి ఇచ్చింది ఇదొక్కటే. ఆవిడ చేతి గాజులు దీనికే పోయాయి. వారంటీ గడువు దాటి నెలైనా కాలేదు.

ఎండాకాలం కదా, చెమట దిగి ఉంటుందనుకుంది ఆవిడ. పక్కవాటా వాళ్ల సెల్‌ఫోను బకెట్లో పడితే బియ్యంలో పెట్టి బతికించుకున్నారు. ఆ సంగతి గుర్తొచ్చి, నాతో ఒక్క మాటైనా అనకుండా మిషనును బియ్యం డబ్బాలో కూరింది. మా బియ్యం కంకిపాడు నుంచి బావమరిది పంపిస్తాడు. బస్తా రాగానే పురుగు పట్టకుండా బోరిక్ పౌడరు కలిపి డబ్బాకెత్తడం మా అత్తగారి కాలం నుంచీ ఉన్న అలవాటు. వండేముందు కడుగుతాం కాబట్టి ఎవరికీ పట్టింపు లేదు. చెవిమిషనును ఎవరు కడుగుతారు? మర్నాడు తీసేసరికి దాని సన్నని జాలీ నిండా తెల్లటి పొడి.

కొన్న షోరూముకే తీసుకెళ్లాను. కౌంటరులో అమ్మాయి దాన్ని లోపలికి పంపింది. తిరిగొచ్చాక ఫొటో చూపించింది.

"సార్, ఇదంతా పౌడరండీ. వాడకంలో నిర్లక్ష్యం అని రాశారు మా టెక్నీషియను. ఎలాగూ వారంటీ కూడా అయిపోయింది."

"పౌడరు సంగతి తర్వాత. ముందు ఎందుకు ఆగిందో విప్పి చూడమను."

"విప్పడానికి ఉండదండీ, సీల్డ్ పీసు. ఈ మోడలు ఆపేశారు కూడా. ఎక్స్ఛేంజిలో కొత్తది తీసుకోండి సార్, అమ్మగారికి బ్లూటూత్ కూడా వస్తుంది."

"మా ఆవిడకి బ్లూటూత్ ఎందుకమ్మా, నా తిట్లు వినబడితే చాలు."

ఆ పిల్ల నవ్వింది. నాకు మాత్రం లోపల రగిలింది. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ని. ఆటోనగర్‌లో లారీల డైనమోలకు తీగ చుట్టి బతికాను. నేను కూడబలుక్కుని నేర్చిన ఇంగ్లీషంతా గ్రీజు మరకల లారీ పుస్తకాల్లోదే. ఆ రోజుల్లో ఏ వస్తువుకైనా నాలుగు బోల్టులుండేవి. విప్పితే లోపలి జబ్బు కంటికి కనబడేది. కాలిన తీగ వాసన చూసి తప్పు ఎవరిదో చెప్పేవాళ్లం, డ్రైవరుదా, చుట్టినవాడిదా అని. ఇప్పుడు బోల్టే లేదు. విప్పనివ్వరు, విప్పరు, లోపలున్న తప్పు మాత్రం మనదంటారు.

లైబ్రరీలో కూర్చుని వినియోగదారుల చట్టం చదివాను. ఒక్కో పేజీకి ఒక్కో పూట పట్టింది. వారంటీ అంటే అమ్మినవాడు ఇచ్చే మాట. తయారీలోనే లోపమున్న వస్తువును అంటగట్టించుకోకుండా ఉండటం కొన్నవాడి హక్కు. మొదటిది ముగిసినంత మాత్రాన రెండోది చచ్చిపోదు. వకీలు లేకుండా మనమే నిలబడి చెప్పుకోవచ్చునట. నిలబడదామనుకున్నాను. వినియోగదారుల కమిషన్లో ఫిర్యాదు వేశాను.

వేశాక తెలిసింది కష్టమేమిటో. కేసు తేలేదాకా వస్తువు ఉన్నది ఉన్నట్టు ఉండాలి. పటమటలో చిన్న చిన్న సామాన్లు బాగుచేసే ఒకాయన దాన్ని భూతద్దం కింద పెట్టి చూశాడు.

"తెరుస్తాను బాబాయ్ గారూ. బతికితే మీ అదృష్టం. కానీ కేసంటున్నారు. నేను బ్లేడు పెట్టానంటే, ఇక పాడుచేసింది మీరేనంటారు వాళ్లు."

"బతుకుతుందా?"

"రూపాయికి పావలా వంతు."

పావలా ఆశ కోసం కేసు పోగొట్టుకోనా? కేసు కోసం ఆ పావలా పోగొట్టుకోనా? మిషనును మళ్లీ జేబులో వేసుకుని వచ్చేశాను. గుమ్మంలో ఎదురుచూస్తున్న ఆవిడకు, బాగవుతుందని చేత్తో సైగ చేశాను.

తరువాతి నెలలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. కుక్కరు కూతలు వినబడక అన్నం రెండుసార్లు మాడింది. ఆ తరువాత ఆవిడ కుక్కరు మీద చెయ్యి ఆనించీ ఆనించకుండా పెట్టి, అదురు పట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. వేళ్లు కాలాయి. తన గొంతు ఎంత పెద్దదవుతోందో తనకు తెలియదు కదా, ఒకరోజు కూరగాయల బండి దగ్గర అందరూ తిరిగి చూశారట. ఆ రోజు నుంచి మాట తగ్గించేసింది. కాగితం మీద రాద్దామంటే, చదువు రాని మనిషి. నేను లారీ పుస్తకాల ఇంగ్లీషంతా నేర్చుకున్నాను కానీ ఆవిడ చేత అక్షరాలు దిద్దించాలన్న ఊహే రాలేదు ఈ ఇంట్లో ఎవరికీ. పప్పులో ఉప్పు ఎక్కువైనా నేనిప్పుడు ఏమీ అనడం లేదు. అని ఏం ప్రయోజనం? ఎదురుమాట లేని తిట్టు నోట్లోనే చేదెక్కుతుంది.

విచారణ రోజు ఆవిడను కూడా తీసుకెళ్లాను. కంపెనీ వకీలు లేచి, గడువు తీరిందని, పైగా పొడిలో పూడ్చిపెట్టారని ఫొటో చూపించాడు. కమిషన్ అధ్యక్షులవారు నన్ను అడిగారు.

"ఏమంటారు పెద్దాయనా? బియ్యంలో పెట్టారా లేదా?"

"పెట్టాం అయ్యా. అబద్ధం ఎందుకు? కానీ పనిచేస్తున్నదాన్ని చెవిలో పెట్టుకుంటారు గానీ బియ్యంలో పెడతారా అండీ? అది చచ్చింది కాబట్టే అందులోకి వెళ్లింది. ఎందుకు చచ్చిందని నేను అడుగుతున్నాను. చచ్చాక అంటుకున్న పొడి చూపిస్తున్నారు వీరు."

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. వకీలు కూడా తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాడు. అధ్యక్షులవారు తలూపారు.

"మీరన్నది బాగానే ఉంది. అయితే లోపం తయారీలోదో కాదో ల్యాబులో తేలాలి. వస్తువు ఇక్కడ అప్పగించండి."

"ఎప్పుడొస్తుందండీ?"

"రిపోర్టు వచ్చాక చూద్దాం. ఇప్పుడే చెప్పలేం."

జేబులోంచి తీసిచ్చాను. కవర్లో వేసి, లక్క అంటించి, దాని మీద నా చేత సంతకం పెట్టించారు. అక్కడి గుమస్తా కవరును బీరువాలో పెట్టి తాళం వేసేదాకా చూస్తూ నిలబడ్డాను. మాటలో గెలిచాను. ఆ పావలా ఆశ బీరువాలోకి పోయింది.

బయటికొచ్చి మెట్లు దిగుతున్నాం. లోపల జరిగినదాంట్లో ఆవిడకు తెలిసింది మొహాలు మాత్రమే. నేను మాట్లాడటం చూసింది, నవ్వులు చూసింది, అధ్యక్షులవారు తలూపడం చూసింది. మిషను వాళ్ల చేతికివ్వడం చూసింది, కవరూ బీరువా మాత్రం వెనక బెంచీ నుంచి ఆవిడకు కనబడలేదు. నెలలుగా బాగవుతుందని నేను చేసిన సైగ ఆవిడ మనసులో ఉండిపోయింది. మధ్య మెట్టు మీద ఆగి, పైటకొంగుతో కుడిచెవి శుభ్రంగా తుడుచుకుంది. అరచెయ్యి చాచింది.

"బాగుచేసేశారుగా? ఇటివ్వండి, పెట్టుకుంటాను."

"లేదే!" అన్నాను.

"ఇవ్వండీ, ఎంతసేపు?"

"వాళ్ల దగ్గరే ఉందే, ఇంకా ఇవ్వలేదే!" అని గొంతు చించుకుని అరిచాను. మెట్ల మీద ఉన్నవాళ్లందరూ ఉలిక్కిపడి మావైపు తిరిగారు, చెయ్యి చాచి నిలబడ్డ ఆవిడ తప్ప.